టేప్ లైబ్రరీ సర్వీసింగ్: బ్యాకప్ ఉంటే సరిపోదు, తిరిగి రావాలి

కంప్యూటర్ డేటాను మ్యాగ్నెటిక్ టేపు క్యాట్రిడ్జుల్లో దాచిపెట్టే ఆటోమేటిక్ యంత్రమే టేప్ లైబ్రరీ. బ్యాంకులు, టీవీ ఛానళ్లు, పరిశోధన సంస్థలు బ్యాకప్‌లను, పాత రికార్డులను ఇందులో భద్రపరుస్తాయి. రోజూ కళ్ల ముందు కనిపించే యంత్రం కాదు కాబట్టి పట్టించుకునేవాళ్లు తక్కువ. సర్వర్ కుప్పకూలిన రోజునో, రాన్సమ్‌వేర్ దాడి జరిగిన రోజునో అందరికీ ఇదే గుర్తొస్తుంది. ఆ రోజు టేపు చదవలేకపోతే ఏళ్ల తరబడి తీసిన బ్యాకప్ అంతా వృథా.

టేపు ఇంకా ఎందుకు?

2011 ఫిబ్రవరి ఆఖరులో జీమెయిల్ వాడేవారిలో సుమారు 0.02 శాతం మందికి మెయిల్స్ మాయమయ్యాయి. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపం వల్ల వేర్వేరు డేటా సెంటర్లలోని కాపీలు కూడా దెబ్బతిన్నాయి. ఆఫ్‌లైన్‌లో ఉన్న టేపులను మాత్రం ఆ లోపం తాకలేదు. గూగుల్ వాటి నుంచే మెయిల్స్‌ను వెనక్కి తెచ్చింది. నెట్‌వర్క్‌కు దూరంగా ఉండటమే టేపు బలం.

లోపల ఏముంటాయి?

క్యాట్రిడ్జులు పెట్టే స్లాట్లు, చదివి రాసే డ్రైవులు, క్యాట్రిడ్జును అటూ ఇటూ మోసే రోబో చెయ్యి, బార్‌కోడ్ రీడర్ ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎల్‌టీవో రకం. 2021లో వచ్చిన ఎల్‌టీవో-9 క్యాట్రిడ్జులో కంప్రెషన్ లేకుండానే 18 టీబీ పడుతుంది. లోపలి టేపు పొడవు 1,035 మీటర్లు, మందం 5.2 మైక్రాన్లే. ఇంత పలుచని టేపుకు చిన్న దుమ్ము కణం కూడా పెద్ద సమస్యే.

క్లీనింగ్ అడిగినప్పుడే

డ్రైవు తనకు క్లీనింగ్ కావాలని తానే సిగ్నల్ ఇస్తుంది. అప్పుడు బార్‌కోడ్ 'సీఎల్ఎన్'తో మొదలయ్యే క్లీనింగ్ క్యాట్రిడ్జును లోడ్ చేయాలి. ఒక్కోటి సాధారణంగా 50 సార్ల వరకు పనిచేస్తుంది. ఆ లెక్క రాసిపెట్టుకోవాలి. గడువు తీరినదాన్ని లైబ్రరీలో ఉంచితే డ్రైవు శుభ్రం కాదు, హెచ్చరిక కూడా పోదు. అలాగని అవసరం లేకుండా పదేపదే క్లీన్ చేస్తే హెడ్ అరుగుతుంది. దూది, స్పిరిట్ పెట్టి తుడవడం అసలు చేయకూడదు.

తప్పు టేపుదా, డ్రైవుదా?

ఒకే టేపు ఏ డ్రైవులో పెట్టినా ఎర్రర్ ఇస్తుంటే లోపం టేపులో ఉన్నట్టు. ఏ టేపు పెట్టినా ఒకే డ్రైవులో ఎర్రర్ వస్తుంటే డ్రైవును అనుమానించాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండా డ్రైవు మార్చేస్తే డబ్బు దండగ. పాడైన టేపును డ్రైవుల్లో మార్చి మార్చి పెట్టడం కూడా ప్రమాదమే.

టేపుల జాగ్రత్త

దీర్ఘకాలం దాచే టేపులకు 16 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలి. వేరే చోటి నుంచి తెచ్చిన టేపును 24 గంటలు ఆ గదిలోనే ఉంచి తర్వాత వాడటం మంచిది. టేపులను నిలువుగా పెట్టాలి. కింద పడిన క్యాట్రిడ్జు పైకి బాగానే కనిపించినా లోపలి లీడర్ పిన్ పక్కకు జరిగి ఉండొచ్చు. అలాంటిది డ్రైవులో ఇరుక్కుంటే రెండూ పోతాయి. లేబుల్ దాని చోటులోనే అంటించాలి. అదనపు స్టిక్కర్లు ఊడి లోపల చిక్కుకుంటాయి.

తలుపు తెరిచే ముందు

నడుస్తున్న బ్యాకప్ పనులు ఆపాకే తలుపు తెరవాలి. మూశాక ఇన్వెంటరీ పూర్తయ్యేదాకా ఆగాలి. ఫర్మ్‌వేర్ మార్చే ముందు లైబ్రరీ సెట్టింగుల కాపీ తీసుకోవాలి. డ్రైవు మార్చాక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించిందో లేదో చూడాలి. యంత్రాన్ని వేరే చోటికి తరలిస్తుంటే టేపులన్నీ తీసేసి, రోబోకు లాక్ వేయాలి.

పాత డ్రైవు అమ్మేస్తున్నారా?

సరిగ్గా దాస్తే టేపు 30 ఏళ్ల వరకు ఉంటుందని తయారీదారులు చెబుతారు. కానీ చదివే డ్రైవు ఉండాలి కదా. ఎల్‌టీవో-7 డ్రైవు రెండు తరాల వెనక్కి వెళ్లి ఎల్‌టీవో-5 టేపును కూడా చదువుతుంది. ఎల్‌టీవో-9 డ్రైవు మాత్రం ఎల్‌టీవో-8 దాకానే చదువుతుంది. అంటే కొత్త లైబ్రరీ వచ్చిందని పాత డ్రైవులను స్క్రాప్‌కు వేస్తే, అల్మరాలోని ఎల్‌టీవో-5 టేపులు చేతిలో ఉండీ లేనట్టే. ముందు డేటాను కొత్త టేపుల్లోకి మార్చాలి. ఎన్‌క్రిప్షన్ తాళం పోయినా అంతే, టేపు బాగున్నా డేటా రాదు. ఆ తాళం కాపీ వేరే చోట భద్రంగా ఉండాలి.

అసలు పరీక్ష

'బ్యాకప్ సక్సెస్' అన్న మెసేజ్ డేటా టేపుకు వెళ్లిందని మాత్రమే చెబుతుంది. తిరిగి వస్తుందన్న గ్యారంటీ ఇవ్వదు. గోదాములో సరుకు ఉందని రిజిస్టర్ చూసి నమ్మరు, వెళ్లి లెక్కపెడతారు. ఇక్కడా అదే పద్ధతి. కనీసం మూడు నెలలకోసారి ఏదో ఒక టేపు తీసి, వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి, ఫైళ్లు తెరిచి చూడాలి. ఏ టేపు, ఏ తేదీ, ఎంత సమయం పట్టింది, ఎవరు చేశారు అన్నవి రాసి పెట్టాలి. ఇంకో కాపీ వేరే భవనంలో ఉంచాలి. సర్వీస్ కాంట్రాక్టులో ఈ రీస్టోర్ పరీక్ష ఉందో లేదో సంతకం పెట్టే ముందే చూసుకోవడం మంచిది.