వజ్రకరూరు రాయి ఎటు చూస్తోంది?

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకుని నడుస్తారు. ఇంటిల్లిపాదీ వచ్చి, వాన కడిగిన ఎర్రమట్టిలో మెరుపు కోసం వెతుకుతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే అనంతపురం సీమలో, అదే జల్లు వేరుశెనగ విత్తుకూ కావాలి, వజ్రాల వేటకూ కావాలి.

ఈ ఆశ ఊరికే పుట్టలేదు. 1881లో ఇక్కడ 67 క్యారట్లు దాటిన రాయి దొరికింది. మద్రాసు నగల వర్తకులు పి. ఓర్ అండ్ సన్స్ చేతికి చేరి, సానబట్టాక 24 క్యారట్ల పైచిలుకు మిగిలింది. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు తెరుచుకుని అప్పటికి పదేళ్లు. ఇక్కడి నీలిరాతిని చూసిన ఆంగ్లేయులకు ఆ గనులే గుర్తొచ్చాయి.

కంటికి దొరికేది కొట్టుకొచ్చిన రాయి మాత్రమే. దాన్ని పాతాళం నుంచి మోసుకొచ్చిన కింబర్లైట్ గొట్టం మట్టి కింద దాగి ఉంటుంది. వజ్రం అయస్కాంతానికి అంటదు, కానీ కింబర్లైట్‌లో మాగ్నటైట్ ఉంటుంది. అందుకే భూగర్భ శాస్త్రజ్ఞులు మాగ్నటోమీటర్లు పట్టుకుని ఈ చేలు నడిచారు. నిజానికి ఈ ఊరి అసలు సంపద వజ్రం కాదు, ఈ అయస్కాంత జ్ఞాపకమే అనిపిస్తుంది.

ఎందుకంటే 110 కోట్ల ఏళ్ల కిందట చల్లారేటప్పుడు ఆ కింబర్లైట్ నాటి భూమి అయస్కాంత దిక్కును తనలో నిలుపుకుంది. ఎం. వెంకటేశ్వర్లు, ఎన్.వి. చలపతిరావు 2013లో ఈ ప్రాంతపు కింబర్లైట్ల అయస్కాంతత్వాన్ని పరిశీలించి, రొడీనియా అనే ప్రాచీన మహాఖండంలో భారతదేశం ఎక్కడ ఉండేదో అంచనా కట్టే ప్రయత్నం చేశారు.

రాళ్లలో మిగిలిన ఇంత సన్నని అయస్కాంతత్వాన్ని కొలవడానికి ప్రయోగశాలల్లో స్క్విడ్ అనే పరికరం వాడతారు. దాని గుండె నయోబియం వంటి అతివాహకంతో చేసిన చిన్న వలయం. ద్రవ హీలియం చలిలో నయోబియం విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా పోనిస్తుంది. అతివాహకానికీ అయస్కాంతానికీ పొసగదు: 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ గమనించినట్టు అది అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి నెట్టేస్తుంది, క్షేత్రం మరీ బలమైతే అతివాహకతే చచ్చిపోతుంది. కానీ సన్నని సందులున్న వలయంగా మలిస్తే, ఆ వైరమే అతి సూక్ష్మమైన వినికిడిగా మారుతుంది. వలయం గుండా వెళ్లే అయస్కాంత ధార రవ్వంత మారినా పరికరం పసిగడుతుంది.

ఇంత పరికరమున్నా, పని మొదలయ్యేది చేలోనే. రాతిని తొలిచి నమూనా తీసేటప్పుడు దాని మీద ఉత్తరం దిక్కు గుర్తు పెట్టాలి. ఆ గీత చెరిగితే, ముక్క ఏ గొట్టం నుంచి వచ్చిందో తెలిసినా, అది ఎటు చూసేదో ఎవరూ చెప్పలేరు.