బాక్సు పోయి కేడీఎం వచ్చె

1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారా హిల్స్ రాళ్లగుట్టల్లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచినప్పుడు సినిమాకు కాపలా అంటే బాక్సుకు కాపలాయే. నెగెటివ్ ల్యాబులో, ప్రింట్లు రేకు డబ్బాల్లో. ఫైనాన్షియర్ బాకీ తీరనిదే బాక్సు కదలదు. తెల్లారితే రిలీజు, నిర్మాతకు ల్యాబు గుమ్మంలోనే జాగరణ.

ఇప్పుడు హాలుకు చేరేది తాళం వేసిన డిజిటల్ ఫైలు. దాన్ని తెరిచే కేడీఎం అనే బుల్లి ఫైలు తరచూ ఈమెయిల్లోనే వస్తుంది. కోట్ల సరుకుకు తాళంచెవిని మెయిల్లో పంపుతారా అనిపిస్తుంది గానీ, కిటుకంతా అక్కడే ఉంది. ఆ చెవి ఒక్క హాల్లోని ఒక్క సర్వర్‌కే సరిపోతుంది, అదీ అందులో రాసిన తేదీలు, గంటల మధ్యే. మెయిల్ కాజేసినవాడికి మిగిలేది ఉత్త అక్షరాల కుప్ప. బాకీల పంచాయితీ మాత్రం ఎక్కడికీ పోలేదు. 'బాక్సు రాలేదు' కాస్తా 'కేడీఎం రాలేదు' అయింది, అంతే.

ఇంత గట్టి తాళం పడేది విడుదలకు కాస్త ముందు మాత్రమే. అంతవరకూ ఎడిటింగ్ కాపీలు, గ్రాఫిక్స్ షాట్లు, స్క్రిప్టు పీడీఎఫ్‌లు ఎన్ని చేతులు మారతాయో! 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సగానికి పైగా బయటికి పొక్కితే, కూపీ లాగిన పోలీసులకు దొరికిన కొస చిత్రబృందంలోనే ఉంది. అక్టోబరు 9న రావాల్సిన సినిమాను హడావుడిగా సెప్టెంబరు 27నే వదిలారు. 2016లో 'బాహుబలి 2' యుద్ధ దృశ్యాలు లీకైనప్పుడూ పట్టుబడ్డది గ్రాఫిక్స్ పనివాడే.

బయటి దొంగ ఎలా వస్తాడో చెప్పింది హాలీవుడ్. 2014 నవంబరులో హ్యాకర్ల దాడికి సోనీ పిక్చర్స్ కంప్యూటర్లు కుప్పకూలాయి. లక్షా డెబ్బై వేలకు పైగా మెయిళ్లు తర్వాత వికీలీక్స్‌లో తేలాయి. నిర్మాతలు తారల గురించి చాటుగా రాసుకున్న మాటలతో సహా. 2018లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన అభియోగాల్లో ఆ హ్యాకర్లు వేసిన ఎర వివరాలున్నాయి. ఫేస్‌బుక్, గూగుల్ పంపే భద్రతా హెచ్చరికల్లాగే తయారుచేసిన మెయిళ్లవి. జాగ్రత్తపరుడే ముందు నొక్కుతాడు!

ఫిల్మ్‌నగర్‌లో ఆ ఎర పేరు కాస్టింగ్ కాల్. పెద్ద బ్యానర్ లోగో, ఆడిషన్ పిలుపు, చివర్లో రిజిస్ట్రేషన్ ఫీజు. 'మా పేరుతో వచ్చే మెయిళ్లు నమ్మవద్దు' అని నిర్మాణ సంస్థలు అప్పుడప్పుడూ ప్రకటనలు ఇస్తూనే ఉంటాయి. లోగోను ఎవరైనా అతికించగలరు కాబట్టి చూడాల్సింది పంపినవారి చిరునామాలో '@' తర్వాతి భాగం. అది కుదిరినా డబ్బు కట్టేముందు ఆ సంస్థ ఆఫీసుకే ఫోన్ చేయాలి, మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు.