జంటలో మిగిలినవాడు

ఇద్దరు కవులు ఒక్క కావ్యమునకు కర్తలగుట మన భాషలో నిన్నమొన్న పుట్టిన వేడుక కాదు. పదునైదవ శతాబ్దమున మేనమామయగు నంది మల్లయయు, మేనల్లుడగు ఘంట సింగనయు కలసి ప్రబోధచంద్రోదయమును, వరాహపురాణమును రచించిరి. ఏ పద్యమెవరిదో నేటికిని తేల్చజాలము. అయితే ఈ ఆచారమున నొక చిక్కు కలదు. జంటలో నొకరు ముందుగా గతించినచో, మిగిలినవాడు తన రచనకు ఎవరి పేరు పెట్టవలెను? చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ముప్పది యేండ్లపాటు దీనికి ఒక్కటే సమాధానమిచ్చిరి.

ఆయన 1870లో కడియమునను, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో యండగండిలోను జన్మించిరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని చదువుకొనుచు చెలిమి చేసిన ఆ యిరువురును గోదావరీతీరము విడిచి, గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మున్నగు సంస్థానముల దర్శించి, పండితగోష్ఠులకే పరిమితమైయుండిన అవధానవిద్యను ఊరూర జనుల నోట నానునట్లు చేసిరి. శతావధానమనగా, నూర్గురు పృచ్ఛకులు నూరు విషయముల నడుగగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణము చొప్పున నాలుగు తడవలు తిరిగి, తుదకు కాగితము ముట్టక పద్యములన్నిటిని వరుసగా అప్పగించుట. ఇద్దరు కలసినచో భారము సగమగునని తోచును గాని, అది మరింత కష్టమని నా తలంపు. తోడివాని ఊహ యెటు తిరుగునో తెలియనివాడు ఆ సభలో నిలువజాలడు. వారి మీసముల కథయు, ఓలేటి వేంకటరామశాస్త్రి, వేదుల రామకృష్ణశాస్త్రిగార్లతో నడచిన 'గీరత' వివాదమును లోకవిదితములే కనుక ఇచట విప్పనక్కరలేదు. ఇన్ని కయ్యములాడిన ఆ కవులు తమలో తాము పద్యములను మాత్రము పంచుకొనలేదు. పాండవోద్యోగ నాటకములోని పద్యములను అక్షరము రానివారును కంఠస్థము చేసిరి. అవి 'తిరుపతి వేంకటకవుల' పద్యములు, అంతే. వయసున పెద్దవాడైన వేంకటశాస్త్రిగారి పేరు అందులో రెండవది.

1920లో తిరుపతిశాస్త్రిగారు స్వర్గస్థులైరి. నలువది యెనిమిదేండ్ల ప్రాయము. ఆ పిమ్మట వేంకటశాస్త్రిగారు చేసిన కావ్యరచనయు జంట పేరుతోనే వెలువడెను. పేరుపొందిన ముద్రను వదలుకొనుట నష్టమని అట్లు చేసెనని ఎవరైన అనవచ్చును. కాని ఆయన 'కథలు-గాథలు' చదివినవారు ఆ మాట అనరు. ఏదో వ్యాకరణచర్చతో ఎత్తుకొని, దారి తప్పి, పాత ప్రయాణములలోనికిని రాజసభలలోనికిని మరలి, అక్కడ మిత్రుని ప్రసక్తి తెచ్చి, అసలు విషయము మరచిపోవుట ఆ వచనమునకు సహజము. సంస్మరణకై ప్రత్యేకముగా సభ చేయనక్కరలేని రీతిలో ఆయన మిత్రుని స్మరించెను.

ఆచారము శిష్యులకును సంక్రమించెను. పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు తామొక జంటయై, 1932లో వెలువరించిన 'సౌందరనందము'ను ఈ గురువునకే అంకితమిచ్చిరి. వృద్ధాప్యమున మద్రాసు ప్రభుత్వమువారు వేంకటశాస్త్రిగారిని ఆస్థానకవిగా నియమించిరి. ఆ పదవి మాత్రము ఒక్క పేరుతోనే వచ్చినది, కవి జంటయైన సంగతి సర్కారు ఉత్తరువులకు పట్టదు గదా. 1950లో ఆయనయు పరమపదించిరి.