గుడియాత్తము బాటయు, యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషియు

రాయవేలూరు నుండి గుడియాత్తమునకు పోవు బాటకు దక్షిణదేశ వైద్యచరిత్రలో స్థానము కలదు. 1900లో వేలూరున ఒకే మంచముతో వైద్యశాలను స్థాపించిన డాక్టరు ఐడా స్కడ్డర్, 1909 నుండి మోటారుకారులో వారము వారము ఈ బాటను పోవుచు, దారి పొడవున రోగులకు మందు లిచ్చుచుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తములు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలోనివి. కావుననే ఈ ఊళ్లలో తెలుగుమాట నేటికిని వినబడుచున్నది. స్కడ్డరుగారి మందుల పెట్టెలో నాడు లేని కొన్ని ఔషధములు తరువాతి కాలమున ఈ ప్రాంతమునకు వచ్చినవి. వానికి మూలమైన కృషి ఒక తెలుగువానిది. ఆ మందులు మన ఇండ్లకు చేరినవి గాని, ఆయన పేరు చేరలేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. ఇల్లు పేదది, చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవసారికి గాని కృతార్థులు కాలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు, స్వదేశీ దీక్షతో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్సా తరగతికి పోగా ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించినది. ఇంతలో ఇద్దరు సోదరులు స్వల్పకాల వ్యవధిలో స్ప్రూ వ్యాధికి బలియైరి. ఇది మన వైద్యులు చెప్పు గ్రహణిని పోలిన రోగము. తిన్న ఆహారము ఒంట బట్టక, రక్తము క్షీణించి, మనిషి కృశించిపోవును. సుబ్బారావుగారికిని ఈ వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకొనిరి. పిదప ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి. మామగారి సాయముతోడను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోడను 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలసి వీరు చేసిన మొదటి ఘనకార్యము, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి. మాలిబ్డేటు లవణమును చేర్చి క్షయకరణ మొనర్చినచో ద్రవము నీలవర్ణము దాల్చును. ఆ రంగు సాంద్రతను బట్టి భాస్వరము పరిమాణము తెలియును. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్కె–సుబ్బారావు పద్ధతిని జీవరసాయన విద్యార్థులు నేటికిని నేర్చుచున్నారు. కొలుచుట చిన్నపనిగా తోచవచ్చును. కాని కండరముల సారమును పరీక్షించునపుడు రంగు రావలసిన వేగముతో రాకుండుట వారి దృష్టికి వచ్చెను. ఆ జాప్యమునకు కారణమును వెదకగా, నిలకడలేని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము 1927లో బయల్పడెను. 1929లో ఎ.టి.పి.ని గూర్చి ప్రకటించిరి. అదే సమయమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. ప్రాణికోటి కణములలో శక్తిని చేతులు మార్చు నాణెము వంటిది ఈ ఎ.టి.పి. కండరశక్తికి లాక్టికామ్లమే మూలమను నాటి సిద్ధాంతము 1922 నాటి నోబెల్ బహుమానముతో స్థిరపడినట్టిది. ఈ పరిశోధనల వలన అది సడలిపోయెను.

ఇంతటివారికిని హార్వర్డున స్థిరమైన ఉన్నతపదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అచట పరిశోధనలకు నాయకత్వము వహించిరి. గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుసారముతో నయమగునని లూసీ విల్స్ 1931లో బొంబాయి పరిశోధనల వలన వెల్లడించి యుండెను. ఆ గుణమునకు మూలమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో సుబ్బారావుగారి బృందము కృత్రిమముగా తయారుచేసెను. ఆ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు ఎమినోప్టెరిన్ కూడ అచటిదే. దానితో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగించి, 1948 జూనులో ప్రకటించెను. ఆ జాతిదే అయిన మెథోట్రెక్సేటు క్యాన్సరునకును కీళ్లవాతమునకును నేటికిని వాడుకలో నున్నది. మొదటి టెట్రాసైక్లిన్ జాతి ఔషధమగు ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొనినదియు ఆ ప్రయోగశాలలోనే.

ఇక మన వేలూరు సంగతి. 1960ల తొలి సంవత్సరములలో ఉత్తరార్కాటు గ్రామములలో స్ప్రూ వ్యాధి సాంక్రామికముగా చెలరేగెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన సెల్విన్ బేకర్, వి. ఐ. మథన్ మున్నగువారు ఊరూర పరిశీలించి ఆ రోగమును గూర్చి ప్రామాణిక గ్రంథసామగ్రిని సమకూర్చిరి. ఫోలిక్ ఆమ్లమొక్కటే ఇచటి రోగులందరికిని చాలదనియు తేలినది. నేడు ఈ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్‌ను కలిపి ఇచ్చుట పరిపాటి. అవసరమైనచో బి12 విటమినును చేర్తురు. ఇందు మొదటి రెండును సుబ్బారావుగారు నడపిన ప్రయోగశాలతో ముడిపడినవే. సోదరులను కాపాడలేకపోయిన వైద్యుడు, ఇరువది యైదేండ్ల పరిశ్రమ అనంతరము, ఇతరుల సోదరులను కాపాడు మార్గమును చూపెనన్నమాట.

బోదకాలు సంగతియు ఇట్టిదే. 1947లో లెడర్లీ వెలువరించిన హెట్రజాన్, అనగా డి.ఇ.సి., 2004లో మనదేశము చేపట్టిన బోదకాలు నిర్మూలన కార్యక్రమమున ఇంటింట పంచిన మాత్ర.

సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, న్యూయార్కు రాష్ట్రమున కాలధర్మము నొందిరి. మరల స్వదేశమును చూడలేదు. కీర్తికై ప్రాకులాడని స్వభావము, ప్రకటనలలో సహచరుల పేర్లను ముందుంచుట, అకాల మరణము, ఈ మూడును వారి పేరు మరుగుపడుటకు కారణములు. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము తపాలాబిళ్లను వెలువరించినది. కాని బిళ్లపై బొమ్మ చాలదు. వేలూరు, గుడియాత్తములలో తెలుగు చదువు బిడ్డలకు ఈ చరిత్రను తెలుగులోనే చెప్పవలెను. పరీక్షలో రెండుమార్లు తప్పినవాని కథ, చిన్న కొలతలోని తేడాను ఉపేక్షింపక దాని కారణమును వెదకినవాని కథ, వారికి ధైర్యము నీయగలదు. తాము వైద్యశాలలో పుచ్చుకొను మాత్ర వెనుక తమ భాష మాట్లాడిన మనుష్యుడొకడు కలడని తెలిసిన పిల్లవాడు, ఆ భాషను చిన్నచూపు చూడడు.