మన్రో: ఒక స్కాటిష్ ఇంటిపేరు చరిత్ర

మన్రో స్కాట్లండ్ ఉత్తర ప్రాంతానికి చెందిన ఇంటిపేరు. ఈస్టర్ రాస్ అనే సీమలో, క్రోమార్టీ సముద్రపు పాయకు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఫౌలిస్ కోట ఈ వంశపెద్దల నివాసం. ఈ ఇంటిపేరున్నవాళ్లు సైనికులుగా, వైద్యులుగా, వలసదారులుగా నాలుగు ఖండాలకు చేరారు. తెలుగునాట మాత్రం మన్రో అంటే ఒక్కడే: 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా, 1820 నుంచి చనిపోయేదాకా మద్రాసు గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో. పశ్చిమ ప్రకాశంగా పిలుస్తూ వచ్చిన కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు ఆనాడు ఆయన ఏలుబడిలోవే. స్కాట్లండ్‌లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఇంటిపేరు ఈ సీమల్లో పిల్లలకు పెట్టుకునే పేరైంది.

పుట్టుక

స్కాట్లండ్ కొండసీమల గేలిక్ భాషలో ఈ వంశంవాణ్ణి రోహఖ్ అంటారు. రో అనే చోటి నుంచి వచ్చినవాడని దాని అర్థం. ఆ రో ఎక్కడిదంటే, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ ప్రాంతంలో పారే రో నది అని వంశంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ నది సముద్రంలో కలిసే తావును ‘బున్ రోహ’ అనేవారనీ, మొదటి బకారం మకారంగా మారి మున్రో అయిందనీ వివరణ. 11వ శతాబ్దిలో డొనాల్డ్ అనే పూర్వికుడు రాజు పక్షాన పోరాడి, బహుమానంగా క్రోమార్టీ ఒడ్డున భూములు పొందాడని మరో కథ. ఆ సీమను ఈనాటికీ ఫెరిన్‌డొనాల్డ్, అంటే డొనాల్డ్ నేల అనే పిలుస్తారు.

డొనాల్డ్ కథ ఐతిహ్యం. సమకాలీన పత్రాల ఆధారంతో గట్టిగా చెప్పదగిన తొలి వంశపెద్ద 1369లో చనిపోయిన రాబర్ట్ మన్రో.

ఊరు వదిలినవాణ్ణి కొత్త ఊరివాళ్లు పాత ఊరిపేరుతో పిలవడం, ఆ పిలుపే ఇంటిపేరై నిలవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కంభం, రాచర్ల, గిద్దలూరి అనే ఇంటిపేర్లు అలా వచ్చినవే. ఒకే ఇంటిపేరు మనదగ్గర వేర్వేరు కులాల్లో కనబడినట్టే, మన్రో అన్న ప్రతివాడూ ఫౌలిస్ పెద్దల రక్తబంధువు కాడు. వంశపెద్ద భూముల్లో సేద్యం చేసుకుంటూ, అతని అండన బతికిన కుటుంబాలు కూడా అతని పేరే పెట్టుకోవడం కొండసీమల ఆచారం. దాంతో ఒకే పేరువాళ్లు ఎక్కువై, ఫలానా భూమి మన్రో అని విడదీసి చెప్పాల్సి వచ్చేది. ఫౌలిస్ మన్రోలు, నోవార్ మన్రోలు, టీనినిక్ మన్రోలు అన్న విభాగాలు అలా ఏర్పడ్డాయి.

వంశం, కత్తి, గొర్రె

ఫౌలిస్ భూములకు రాజుకు కట్టాల్సిన శిస్తు గురించి ఒక ముచ్చట ఉంది. రాజు అడిగితే నడివేసవిలోనైనా సరే ఒక మంచుముద్ద తెచ్చి ఇవ్వాలట. పక్కనే ఉన్న బెన్ వివిస్ కొండ మరుగుల్లో ఎండాకాలంలోనూ మంచు దొరికేది గనక ఆ శిస్తు ఎన్నడూ బాకీ పడలేదని చెబుతారు.

మన్రోలకు పొరుగున ఉన్న బలమైన వంశం మెకంజీలు. 15వ శతాబ్ది నుంచీ ఈ రెండు వంశాల మధ్య పోరాటాలు నడిచాయి. మతసంస్కరణ తర్వాత మన్రోలు ప్రొటెస్టెంటు పక్షాన నిలిచారు. 17వ శతాబ్దిలో జర్మనీ గడ్డమీద సాగిన ముప్పయ్యేళ్ల యుద్ధంలో స్వీడన్ రాజు తరఫున పోరాడారు. 18వ శతాబ్దిలో స్టూవర్టు రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని తిరుగుబాట్లు లేచినప్పుడు ప్రభుత్వాన్నే సమర్థించారు. ఫౌలిస్ పెద్ద సర్ రాబర్ట్ మన్రో 1746 జనవరిలో ఫాల్‌కర్క్ యుద్ధంలో తిరుగుబాటుదారుల చేతిలో చనిపోయాడు. సర్కారుకు నమ్మకమైన వంశమన్న ఈ పేరు సైన్యంలో, తర్వాత ఈస్టిండియా కంపెనీలో కొలువులకు దారి చూపింది.

ఇండియాలో గడించిన డబ్బు సొంత సీమకు తిరిగొచ్చి అక్కడి పల్లెలనే మార్చేసింది. ఆ మార్పుకు ఉదాహరణ నోవార్ మన్రోల ఇంటివాడు హెక్టర్ మన్రో. 1764 అక్టోబరులో బక్సార్ యుద్ధం గెలిచిన సేనాని ఇతడే. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర హైదర్ అలీ సేనలు కంపెనీ సేనలోని బెయిలీ పటాలాన్ని తుడిచిపెడుతుంటే ఆదుకోలేక, పెద్ద ఫిరంగులను కాంచీపురం కోనేట్లో తోయించి మద్రాసు దారి పట్టినవాడూ ఇతడే. మరుసటి ఏడు డచ్చివాళ్ల నుంచి నాగపట్నం గెలిచాక, సొంత ఊరి దగ్గర ఫైరిష్ కొండమీద నాగపట్నం కోటద్వారం నమూనాలో ఒక కట్టడం లేపించాడు. పని లేని చుట్టుపక్కల జనానికి కూలి దొరకాలని దాన్ని కట్టించాడంటారు. అదే హెక్టర్ తన భూములను గొర్రెల పెంపకందార్లకు కౌలుకిచ్చాడు. పశువులు మేపుకునే చిన్న రైతులకు మేత కరువైంది. 1792లో రాస్ సీమ జనం గొర్రెల మందలను బయటికి తోలడానికి లేచారు. సైన్యం వచ్చి అణచింది. ఆ ఏడాదిని అక్కడ ఇప్పటికీ గొర్రెల ఏడు అంటారు. సేద్యం పోయిన మన్రోలు గ్లాస్గో మిల్లులకూ, కెనడా ఓడలకూ దారి పట్టడం ఆ తర్వాతి కథ.

దత్తమండలాల్లో

థామస్ మన్రో కొండసీమలో పుట్టినవాడు కాడు. 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ వర్జీనియా పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వర్తకం దివాలా తీసింది. కొడుకు కంపెనీ సైన్యంలో కేడెట్‌గా 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఆ ఏడే హెక్టర్ మన్రో సేనలో చేరి, కాంచీపురం నుంచి జరిగిన ఆ తిరోగమనాన్ని కళ్లారా చూశాడు. 1792 నుంచి అలెగ్జాండర్ రీడ్ కింద బారామహల్‌లో, అంటే సేలం సీమలో, శిస్తు పని నేర్చాడు.

1800 అక్టోబరులో నిజాము, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకింద బళ్లారి, అనంతపురం, కడప సీమలను కంపెనీకి రాసిచ్చాడు. ఇవే దత్తమండలాలు. కంభం, దూపాడు ప్రాంతాలు ఆ దత్తంలోనివే. నల్లమల, వెలుగొండల నడుమ గుండ్లకమ్మ పారే ఈ నేలలో కంభం చెరువు కింద మాగాణి తప్ప తక్కినదంతా దాదాపు మెట్టే. కొత్త కలెక్టరు లెక్క ప్రకారం దత్తమండలాల్లో పాలెగాళ్లు 80 మంది, వాళ్ల వెనుక ఆయుధం పట్టిన బంట్లు సుమారు 30,000 మంది. మన్రో కొందరి కోటలు పడగొట్టించి, కొందరికి భరణాలు ఏర్పరిచి, వాళ్ల వసూళ్ల హక్కు తీసేశాడు. ఏడేళ్లూ చాలావరకు డేరాల్లోనే బతుకుతూ తాలూకాలన్నీ తిరిగాడు.

ఆయన పేరు నిలబెట్టింది రైత్వారీ. జమీందారునీ, ఊరి గుత్తేదారునీ పక్కనపెట్టి సర్కారు నేరుగా రైతుతో లెక్క తేల్చుకునే పద్ధతి ఇది. పొలం పొలం కొలిపించి, నేల రకాన్నిబట్టి శిస్తు రేటు కట్టించి, ఎవరి పేరిట ఎంతుందో పట్టా రాయించేవారు. కొలత పూర్తయ్యాక తేలిన శిస్తు మొత్తం పంటలో దాదాపు 45 శాతం. అది రైతు మోయలేని బరువని ఒప్పుకొని, 1807లో మన్రో అన్ని భూములకూ 25 శాతం, బావులకింద సాగయ్యే భూములకు 33 శాతం తగ్గించాలని రాశాడు. కపిలబావుల మీద ఆధారపడిన మెట్ట తాలూకాలకు ఆ తేడా చిన్నది కాదు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన స్వదేశానికి వెళ్లిపోగానే రైత్వారీని ఆపి, ఊళ్లను మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చారు. గుత్తేదార్లు చితికిపోయారు, రైతులూ నష్టపోయారు. 1820లో గవర్నరుగా తిరిగొచ్చాక ఆయన రైత్వారీని మళ్లీ నిలబెట్టాడు.

పాలెగాళ్ల ఉక్రోషం మాత్రం ఆయన పోయాకా చల్లారలేదు. నొస్సం పాలెగాళ్ల వారసుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, ఆగిన భరణం నిప్పు రాజేయగా, 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆ పోరు నల్లమల దాటి గిద్దలూరు దాకా వచ్చింది. ఆయనను 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఫౌలిస్ పొరుగు వంశం పేరు కూడా దత్తమండలాలకు తెలిసిందే. లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ ఈ సీమల పటాలు గీయించి, కావలి సోదరుల వంటి తెలుగు పండితుల చేత ఊళ్ల కైఫీయతులు రాయించాడు.

పేరు జనం నోట

1827 ఎండాకాలంలో పదవి విడిచేముందు మన్రో దత్తమండలాలను చివరిసారి చూడబోయాడు. జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, కొన్నేళ్లకు ఆ శరీరాన్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరిట తోపు, బావి వెలిశాయి. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ చేసిన గుర్రపు విగ్రహాన్ని 1839లో మద్రాసులో నిలబెట్టారు. జీను, రికాబులు లేకుండా గుర్రమెక్కిన ఆ విగ్రహం ఇప్పటికీ చెన్నైలో ఉంది.

జనం కట్టిన కథలు వేరు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాగ్ని కొండలను చీల్చుకుపోయేచోట, ఆకాశాన బంగారు తోరణం మన్రోకు కనబడిందట. అది కనబడ్డవాళ్లు ఎంతోకాలం బతకరని చెబుతారు. మంత్రాలయం మాన్యం విషయమై వెళ్తే రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి పలికి ఆయనతో మాట్లాడారని మరో కథ. తిరుమలలో నైవేద్యానికి వాడిన పెద్ద పాత్రను మన్రో గంగాళం అంటారు. పుట్టిన పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టడం కూడా ఈ అభిమానం లోంచి వచ్చిందే. మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది, మనిషిని పిలిచేది వెనకున్న పేరుతో. థామస్ మన్రో అన్న పేరును జనం అలాగే విన్నారు. వెనకున్న మన్రోయే మనిషి పేరని తీసుకుని, దానికి ‘అప్ప’ చేర్చుకున్నారు. ఆయన సొంత పేరు థామస్ పల్లెల్లోకి రాలేదు.

సముద్రాల అవతల

అమెరికాలో ఈ పేరు మన్రో అనే ఉచ్చారణతోనే, స్పెల్లింగు మార్చుకుని స్థిరపడింది. 17వ శతాబ్దిలో వర్జీనియా చేరిన ఆండ్రూ మన్రో సంతతివాడే జేమ్స్ మన్రో. 1817 నుంచి 1825 దాకా అయిదో అధ్యక్షుడుగా ఉన్నాడు. అమెరికా ఖండాల్లో ఐరోపా రాజ్యాలు కొత్తగా కాలు పెట్టకూడదని 1823లో ఆయన చేసిన ప్రకటనకు మన్రో సిద్ధాంతం అని పేరు. లైబీరియా రాజధాని మన్రోవియా, అమెరికాలో పదికి పైగా ఉన్న మన్రో కౌంటీలు ఆయన పేరుమీదివే. నోర్మా జీన్ సినిమాల్లోకి వెళ్తూ తల్లి పుట్టింటి పేరు తీసుకుని 1946లో మార్లిన్ మన్రో అయింది.

ఎడింబరో విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ మన్రో అన్న ఒకే పేరుగల తాత, తండ్రి, మనవడు 1720 నుంచి 1846 దాకా వరసగా శరీరనిర్మాణ శాస్త్రాచార్యులుగా ఉన్నారు. సాకి కలంపేరుతో చిన్న కథలు రాసిన హెక్టర్ హ్యూ మన్రో 1870లో బర్మాలోని అక్యబ్‌లో పుట్టాడు. 2013లో నోబెల్ బహుమతి పొందిన కెనడా కథకురాలు ఆలిస్ మన్రోకు ఈ పేరు మొదటి భర్త వైపు నుంచి వచ్చింది. ఆమె పుట్టింటివారు లెయిడ్‌లాలు, వాళ్లూ స్కాట్లండ్ వాళ్లే.

నేడు

స్కాట్లండ్‌లో ఈ ఇంటిపేరు ఇప్పటికీ రాస్, ఇన్వర్నెస్ వైపు ఉత్తరాదిలోనే ఎక్కువగా వినబడుతుంది. కొండసీమల నుంచి పనులకోసం దిగివచ్చిన కుటుంబాల వల్ల గ్లాస్గో, ఎడింబరోలలోనూ ఉంది. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో స్కాట్లండ్ స్పెల్లింగే నిలిచింది. అమెరికాలో అధ్యక్షుడి స్పెల్లింగుది పైచేయి. పర్వతారోహకుల నోట మన్రో అంటే మనిషి కాదు, కొండ. 3,000 అడుగులు దాటిన స్కాట్లండ్ శిఖరాల జాబితాను సర్ హ్యూ మన్రో 1891లో అచ్చువేశాడు. ఇప్పటి జాబితాలో 282 మన్రోలున్నాయి. వాటన్నిటినీ ఎక్కడం అక్కడివాళ్లకు పెద్ద సరదా. మంచుముద్ద శిస్తు కథలోని బెన్ వివిస్ కూడా ఆ 282లో ఒకటి.

తెలుగు కుటుంబాల్లో మన్రో ఇంటిపేరుగా నాటుకోలేదు. పాలన పటంలో కూడా థామస్ మన్రో ఏలిన దత్తమండలాల ఆనవాళ్లు చెదిరాయి. కడప కింద ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాకు మారాయి. గిద్దలూరు, మార్కాపురాలను కర్నూలు నుంచి విడదీసి 1970 ఫిబ్రవరి 2న ఏర్పడ్డ ఒంగోలు జిల్లాలో చేర్చారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. దక్షిణ భారతంలో ఈ ఇంటిపేరును అధికారికంగా మోస్తున్నది కేరళలోని కొల్లం జిల్లాలో, కల్లడ నది అష్టముడి సరస్సులో కలిసేచోట ఉన్న మన్రో తురుత్తు అనే దీవి. దాని పేరు థామస్‌ది కాదు, 1810 నుంచి 1819 దాకా తిరువాన్కూరులో రెసిడెంటుగా ఉన్న టీనినిక్ మన్రోల ఇంటివాడు జాన్ మన్రోది. ఆయన చర్చి మిషనరీలకు ఇప్పించిన ఆ దీవి ఇప్పుడు అదే పేరుతో గ్రామ పంచాయతీ.