తిరుత్తణి కొండ – చుట్టూ ఉన్న ఊళ్లు



మీలో చాలామంది తిరుత్తణి కొండ ఎక్కే ఉంటారు. అదేమంత పెద్ద కొండ కాదు. మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లని పెద్దలు చెబుతారు. శూరపద్ముడితో యుద్ధం ముగిశాక సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారిన చోటు కాబట్టి తమిళంలో 'తణిగై' అన్న పేరు వచ్చిందని స్థలపురాణం. ఈ పూట స్వామి మహిమ గురించి కాదు, ఆ కొండ చుట్టూ ఉన్న ఊళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ నేల చరిత్ర చాలా పాతది. తిరుత్తణిలోని వీరట్టానేశ్వరాలయం చిన్న రాతిగుడి. తొమ్మిదో శతాబ్దం చివర, పల్లవరాజు అపరాజితవర్మ కాలంలో నంబి అప్పి అనే ఆయన కట్టించాడు. అక్కడి శాసనం తమిళంలో ఉంది. తరువాతి కాలంలో ఈ ఊళ్లు కార్వేటినగరం జమీందారీలోకి వచ్చాయి. అంటే తమిళమూ తెలుగూ ఇక్కడ నిన్న మొన్న కలుసుకున్నవి కావు.

1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఈ తిరుత్తణిలోనే పుట్టారు. ఇంట్లో తెలుగు. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. ఆయన పుట్టిన నాడు ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1960లో చెంగల్పట్టు జిల్లాకు వెళ్లింది. 1997 నుంచి తిరువళ్లూరు జిల్లాలో ఉంది. కొండ ఉన్నచోటే ఉంది, జిల్లాలు మాత్రం నాలుగు మారాయి.

వీటిలో 1960 నాటి మార్పు రాష్ట్రాన్నే మార్చేసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి మన వైపు వచ్చింది. తమిళులు దీన్ని ఒప్పుకోలేదు. మ.పొ. శివజ్ఞానం గారు ఉత్తర సరిహద్దు ఉద్యమం నడిపారు. చివరకు పాటస్కర్ గారిని మధ్యవర్తిగా వేశారు. ఆయన గ్రామాన్ని ఒక ప్రమాణంగా తీసుకున్నారు. ఊళ్లో ఎక్కువమంది ఏ భాషవారు, ఆ ఊరు పక్క ఊళ్లతో ఆనుకుని ఉందా అని చూశారు. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి 319 గ్రామాలు మద్రాసు రాష్ట్రానికి వెళ్లాయి. అటునుంచి 151 గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. సత్యవేడు ప్రాంతం అలా వచ్చిందే.

పద్ధతి న్యాయమైనదే. కానీ ఒక్కమాట ఆలోచించండి. నూరు గడపలున్న ఊళ్లో అరవై గడపలు ఒక భాషవైతే, మిగిలిన నలభై గడపల మాటేమిటి? గీత ఎటు పడినా ఎవరో కొందరు అవతల ఉండిపోవలసిందే. సత్యవేడు వైపు తమిళ కుటుంబాలు అలాగే ఉండిపోయాయి. పళ్లిపట్టు, పొదటూరుపేట వైపు తెలుగు కుటుంబాలూ అలాగే మిగిలాయి.

పనిపాటలకు మాత్రం ఈ గీత అడ్డు రాలేదు. పొదటూరుపేటలో మగ్గాలున్నాయి, నగరిలోనూ మగ్గాలున్నాయి. కుశస్థలి ఏరు చిత్తూరు సీమ నుంచి పళ్లిపట్టు వైపు పారుతూనే ఉంది. ఆడికృత్తిక వచ్చిందంటే చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి పూలకావడులు భుజాన వేసుకుని జనం వస్తారు. "హరోం హర" అన్న కేకలో ఎవరు ఏ రాష్ట్రంవారో చెప్పడం కష్టం.

తగ్గిపోతున్నది బడిలో, కాగితాల్లో ఉన్న తెలుగు. 2006లో తమిళనాడు చేసిన చట్టం ప్రకారం పిల్లలు తమిళం తప్పనిసరిగా చదవాలి. ఉన్న నేల భాష నేర్చుకోవడం మంచిదే, అవసరం కూడా. అయితే ఇంటి భాషకు అక్షరం లేకపోతే అది ఒక తరంలో మాటగా మాత్రమే మిగులుతుంది, మరో తరంలో అదీ పోతుంది. ఊరి పేర్లనే చూడండి. రామకృష్ణరాజుపేట ఇప్పుడు అందరి నోటా ఆర్.కె. పేట. ఆ రెండక్షరాల వెనుక ఒక పూర్తి పేరుందని ఎంతమంది పిల్లలకు తెలుసు? తిరుత్తణి నుంచి రేణిగుంట వైపు రైలెక్కితే, పొన్పాడి దాటాక గీతకు ఇవతల వెంకటనరసింహరాజువారిపేట స్టేషను వస్తుంది. అంత పొడవు పేరూ బోర్డు మీద చెక్కుచెదరకుండా ఉంది. ఎవరో రాసి పెట్టారు కాబట్టే నిలిచింది.

అందుకే మీకొక మనవి. మీ ఇంట్లో తాతల నాటి తెలుగు దస్తావేజులు, ఉత్తరాలు ఉంటే పారేయకండి. చేలకు, చెరువులకు, గుట్టలకు మీ పెద్దలు పెట్టిన పేర్లు అడిగి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పక్కింటి తమిళులు చెప్పే పేర్లూ పక్కనే రాయండి. ఈసారి కొండ ఎక్కినప్పుడు పైన ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి. పొలాలు, చెరువులు, ఊళ్లు కనిపిస్తాయి. సరిహద్దు గీత మాత్రం కనిపించదు.