ఉక్కా, టైటానియమా: కొలిచి కట్టించుకునే సైకిలు ఫ్రేము కథ

జాన్ కెంప్ స్టార్లీ 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో రోవర్ సేఫ్టీ సైకిలు తయారుచేశాడు. చక్రాలు రెండూ దాదాపు ఒకే సైజు, వెనక చక్రాన్ని తిప్పేది గొలుసు. మరికొన్నేళ్ళకే ఫ్రేము రెండు త్రికోణాల రూపంలో కుదురుకుంది. శతాబ్దం దాటినా ఆ రూపం పెద్దగా మారలేదు. గొట్టాలు మాత్రం మారుతూనే వచ్చాయి: ఏ లోహం, ఎంత లావు, ఎంత పలచన, అతుకు ఎలా. ఒంటి కొలతలిచ్చి తమకంటూ ఒక ఫ్రేము కట్టించుకునేవాళ్ళను ఇవాళ తికమకపెడుతున్న ప్రశ్న, ఉక్కా టైటానియమా అన్నది, ఈ గొట్టాల చరిత్రలోంచి పుట్టింది.

తొలినాటి ఫ్రేములు బరువుగా ఉండేవి. గొట్టాన్ని పలచన చేస్తే బరువు తగ్గేది గానీ అతుకు దగ్గర విరిగేది. గొట్టాల కొసలను లగ్గు అనే ఉక్కు తొడుగులోకి దూర్చి, ఎర్రగా కాల్చి, సందుల్లోకి కరిగిన ఇత్తడిని పారించడం ఆనాటి పద్ధతి. ఆ వేడికి గొట్టం బలం తగ్గేది అక్కడే, సవారీలో ఒత్తిడి ఎక్కువ పడేదీ అక్కడే. బర్మింగ్‌హామ్‌లో మేకుల తయారీతో మొదలైన రేనాల్డ్స్ కుటుంబ సంస్థలో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ దీనికొక ఉపాయం కనిపెట్టి 1897లో పేటెంటు తీసుకున్నాడు. గొట్టం బయటి లావు అంతటా ఒకటే. లోపలి గోడ మాత్రం కొసల్లో మందంగా, నడుమ పలచగా ఉంటుంది. బట్టెడ్ గొట్టం అని పేరు. మంచి సైకిలు ఫ్రేము అనేదానికి పునాది ఈ ఒక్క ఆలోచనే అనవచ్చు.

అదే సంస్థ 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కుతో ‘531’ గొట్టాలను తెచ్చింది. కొసల్లో 0.8, నడుమ 0.5 మిల్లీమీటర్ల గోడతో దొరికిన ఈ గొట్టం నలభై ఏళ్ళపాటు పందెపు సైకిళ్ళకు కొలబద్దగా నిలిచింది. ఇత్తడి అతుకు వేడికి గురైనా అది పెళుసుబారేది కాదు, బలాన్ని చాలావరకు నిలుపుకునేది. అందుకే పెద్ద యంత్రాలేవీ లేని చిన్న దుకాణంలో కూడా, చేతిలో పనితనం ఉంటే, ప్రపంచస్థాయి ఫ్రేము తయారయ్యేది. డెర్బీలో మెర్సియన్, లండన్‌లో హెచిన్స్, పారిస్ ప్రాంతంలో రెనె ఎర్స్, మిలాన్‌లో విగొరెల్లి పందెపు మైదానం దగ్గర ఫాలియెరో మాసీ ఇలా ఎదిగినవాళ్ళే. కాళ్ళ పొడవు, మొండెం పొడవు, చేతుల చాపు కొలుచుకుని వాళ్ళు గొట్టాలు కోసేవారు. పెద్ద జట్ల పందెగాళ్ళలో చాలామంది తమకు నచ్చిన పనివాడి చేత ఫ్రేము కట్టించుకుని, దాని మీద జట్టు కంపెనీ రంగు, పేరు వేయించుకునేవారు. లోహం గురించి అప్పట్లో అడగడానికేమీ లేదు. ఎంపికంతా గొట్టం మీద ఉండే స్టిక్కరులోనే: రేనాల్డ్స్ కావాలా, 1919లో ఆంజెలో లుయీజీ కొలంబో మిలాన్‌లో పెట్టిన సంస్థ నుంచి వచ్చే కొలంబస్ కావాలా?

ఈ కథకు మన రోడ్లతోనూ చుట్టరికం ఉంది. రేనాల్డ్స్ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ గ్రూపులో కలిసింది. అదే గ్రూపు మురుగప్ప కుటుంబంతో చేతులు కలపగా, 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరు సైకిలు కంపెనీ మొదలైంది. పాలక్యాన్లూ బియ్యం బస్తాలూ మోస్తూ తెలుగు పల్లెల్లో తిరిగిన హెర్క్యులిస్ సైకిళ్ళు అక్కడివే. వాటికి వాడినది మందపాటి గోడల మామూలు ఉక్కు. ఆ మోతకు అదే సరైనది. 531 లాంటి పలచటి గొట్టంతో అక్కడ పనిలేదు.

డెబ్బైల నడుమ రేనాల్డ్స్ వేడిచేసి గట్టిపరిచిన ‘753’ను తెచ్చింది. కొన్ని రకాల్లో నడుమ గోడ 0.3 మిల్లీమీటర్లకు దిగింది. ఎక్కువ వేడి తగిలితే దాని బలమంతా పోతుంది కనుక ఇత్తడికి బదులు తక్కువ వేడికే కరిగే వెండి మిశ్రమంతో అతకాలి. అతుకు నమూనా పంపి, పరీక్షలో నెగ్గిన పనివాళ్ళకే కంపెనీ ఆ గొట్టాలు అమ్మేది. 1980లో యోప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది టీఐ-రాలీ జట్టు తరఫున, 753 ఫ్రేము మీదే. ఉక్కు ఇంతకన్నా పలచబడితే చేతివేళ్ళ నొక్కుకే సొట్ట పడుతుందనిపించే దశ అది.

టైటానియం అప్పటికి కొత్త లోహమేమీ కాదు. 1791లో కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ నల్లటి ఇసుకలో దాని జాడ పట్టాడు. నాలుగేళ్ళకు జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ పేరు పెట్టాడు. ఆ నల్ల ఇసుకలోని ఇల్మెనైట్ ఖనిజంలో ఇనుమూ టైటానియమూ కలిసే ఉంటాయి. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోనూ ఆ ఇసుక ఉంది. ఇనుమును బొగ్గుతో కరిగించి తీయడం మనిషికి వేల ఏళ్ళుగా తెలుసు. టైటానియం అలా లొంగదు. బాగా కాలినప్పుడు ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసైపోతుంది. లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ దాన్ని క్లోరైడుగా మార్చి, గాలి తగలని పాత్రలో మెగ్నీషియంతో విడదీసే పద్ధతిని కనుగొన్నాడు. 1948లో అమెరికాలో డ్యూపాంట్ ఆ పద్ధతితో వ్యాపారస్థాయి ఉత్పత్తి మొదలుపెట్టింది. దఫాలవారీగా, ఎంతో విద్యుత్తు తాగుతూ సాగే పని కాబట్టి ఆ లోహం ఖరీదు ఇప్పటికీ దిగిరాలేదు.

ఆ ఖరీదుకు వెనకాడనిది యుద్ధ విమానాల పరిశ్రమే. విమానాల హైడ్రాలిక్ నూనె గొట్టాల కోసం 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం తయారైంది. సన్నటి గోడలతో, అతుకు లేకుండా సాగదీసిన ఆ గొట్టమే తర్వాత సైకిలుకు దారి చూపింది. మన దేశంలోనూ ఈ లోహం రక్షణ, అంతరిక్ష రంగాల చేయి పట్టుకునే నడిచింది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతితో, ఇస్రో అండతో 2011లో కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల టైటానియం స్పాంజి (తొలిదశ ముడి లోహం) కర్మాగారం మొదలైంది. కంచన్‌బాగ్‌లోని మిధాని టైటానియం మిశ్రమాలనూ, రాకెట్లకు వాడే మారేజింగ్ ఉక్కునూ ఒకే ఆవరణలో తయారుచేస్తోంది.

సైకిలుకు టైటానియం వాడాలన్న తొలి ప్రయత్నాలు నిరాశపరిచాయి. ఫిలిప్స్ కంపెనీ 1956లో లండన్‌లో ఒక నమూనా చూపి ఊరుకుంది. డెబ్బైల మొదట్లో బర్మింగ్‌హామ్‌లోని స్పీడ్‌వెల్ సంస్థ ఫ్రేములు కట్టింది. 1973లో టూర్ గెలిచిన లూయిస్ ఓకాన్యా కొన్ని కొండదారి అంచెల్లో వాటిలో ఒకదాన్ని తొక్కాడు. కొద్దికాలానికి కాలిఫోర్నియాలో టెలిడైన్ ‘టైటన్’ వచ్చింది. మిశ్రమం కాని శుద్ధ టైటానియంతో చేసిన ఈ ఫ్రేములు తేలికే గానీ తొక్కుతుంటే ఊగేవి, కొన్నాళ్ళకు పగుళ్ళిచ్చేవి. టైటానియం అంటే మెత్తన, స్ప్రింగులా లేచే లోహం అన్న పేరు అప్పుడే పడింది. ఆ పేరు ఇంకా వదల్లేదు. నిజానికి తప్పు లోహానిది కాదు, కొలతలది.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. గొట్టానికి బలం వేరు, బిగువు వేరు. విరగకుండా నిలిచేది బలం. బరువు పడినా వంగకుండా నిలిచేది బిగువు. మిశ్రమాన్ని మార్చి, వేడిచేసి చల్లార్చి, ఉక్కు బలాన్ని ఎన్నో రెట్లు పెంచవచ్చు. బిగువు మాత్రం దాదాపు కదలదు. గేటు చువ్వకు వాడే ఉక్కుకైనా, 753కైనా అది సుమారు 200 గిగాపాస్కల్స్. టైటానియానిది అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ. సాంద్రత చూస్తే ఉక్కుది ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, టైటానియానిది 4.5. ఉక్కు ఫ్రేముల్లో పెడళ్ళ వైపు దిగే గొట్టం వ్యాసం ఏళ్ళ తరబడి 28.6 మిల్లీమీటర్లే. అదే వ్యాసం, అదే గోడతో టైటానియం వాడితే బరువు నూటికి 57కు తగ్గుతుంది, బిగువు సగానికి పడిపోతుంది. ఊగకేం చేస్తుంది? పలచటి గొట్టం బిగువు వ్యాసపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. కాబట్టి గోడ అలాగే ఉంచి వ్యాసాన్ని 36 మిల్లీమీటర్లు చేస్తే ఉక్కు గొట్టంతో సరితూగుతుంది, బరువు అప్పటికీ నూటికి 72 దగ్గరే ఆగుతుంది. ఈ లెక్క తెలియనిది కాదు. కానీ లగ్గులు, బిగింపులు, పనిముట్లు అన్నీ ఉక్కు కొలతలకే దొరికే రోజుల్లో దాన్ని అమలుపెట్టడం కష్టం. డెబ్బైలలో గ్యారీ క్లైన్ అల్యూమినియంతో లావుపాటి గొట్టాల ఫ్రేములు కట్టి చూపాక గానీ ఆ అడ్డు తొలగలేదు.

1986లో అమెరికాలో రెండు చోట్ల పని మొదలైంది. మసాచుసెట్స్‌లో మెర్లిన్ మెటల్‌వర్క్స్, టెనెసీలో యంత్రభాగాలు చేసే లిన్‌స్కీ కుటుంబం పెట్టిన లైట్‌స్పీడ్. విమానాల 3-2.5 మిశ్రమం, లావుపాటి గొట్టాలు, లగ్గులు లేకుండా విద్యుత్తు వేడితో గొట్టాల అంచులనే కరిగించి కలిపే టిగ్ వెల్డింగ్ వీళ్ళు స్థిరపరిచిన పద్ధతి. పనివాడి పరీక్షంతా వెల్డింగ్‌లోనే. బయట టార్చి చుట్టూ, లోపల గొట్టం నిండా ఆర్గాన్ వాయువు పారుతూ ఉండాలి. గొట్టం మీద వేలిముద్రల జిడ్డు కూడా మిగలకూడదు. అతుకు వెండిలా మెరిస్తే మంచిది, లేత గడ్డిరంగు వరకు ఫరవాలేదు. నీలం, ఊదా రంగులు తేలితే గాలి చొరబడినట్టు. ఉక్కు అతుకులోని లోపాన్ని రంగు కప్పేస్తుంది. టైటానియం ఫ్రేముకు సాధారణంగా రంగే వెయ్యరు కనుక పనివాడి చెయ్యి జీవితాంతం కళ్ళెదుటే ఉంటుంది. సోవియట్ యూనియన్ చెదిరిపోయాక రష్యా టైటానియం ప్రపంచ బజారుకు రావడంతో తొంభైలలో ఈ ఫ్రేములు మరికొందరికి అందాయి. కొలరాడోలో ఉక్కు ఫ్రేములతో పేరు తెచ్చుకున్న మూట్స్ కూడా అప్పుడే టైటానియానికి మళ్ళింది. మెర్లిన్‌లో పనిచేసిన రాబ్ వాండర్‌మార్క్ 1997లో పెట్టిన సెవెన్ సైకిల్స్ ప్రతి ఫ్రేమునూ తొక్కే మనిషి కొలతకే కట్టడం మొదలుపెట్టింది.

పెద్ద పందేలను అల్యూమినియం, కార్బన్ ఆక్రమించింది కూడా ఆ దశాబ్దంలోనే. ఉక్కు అక్కడినుంచి తప్పుకుంది గానీ ఎదగడం మానలేదు. 1995లో రేనాల్డ్స్ ‘853’ వచ్చింది. వెల్డింగ్ చేశాక గాలికి చల్లారుతూనే అతుకు దగ్గర బలం పుంజుకోవడం దాని గుణం. 1897 నాటి సమస్యకు ఇది దాదాపు పూర్తి జవాబు. 2000ల నడుమ వచ్చిన ‘953’ తుప్పుపట్టని మారేజింగ్ ఉక్కు. 3-2.5 టైటానియం బలం సుమారు 860 మెగాపాస్కల్స్ అయితే దీనిది అంతకు రెట్టింపు.

దీంతో పాత తేడాలు చాలా చెరిగిపోయాయి. చేయి తిరిగినవాడు కట్టిన ఉక్కు ఫ్రేము 1.6 నుంచి 2 కిలోలు, టైటానియంది 1.3 నుంచి 1.6 కిలోలు తూగుతుంది. మనిషితో కలిపి ఎనభై కిలోల మోతలో మూడు నాలుగు వందల గ్రాముల తేడా చాలామందికి ఎక్కువేమీ కాదు. టైటానియం గతుకుల అదురును మింగేస్తుందన్న మాటలోనూ పస తక్కువ. నిలువుగా పడే అదురుకు త్రికోణాల ఫ్రేము ఏ లోహంతో చేసినా దాదాపు లొంగదు. టైర్లు, వాటిలోని గాలి, సీటు కింది కడ్డీ, ముందు ఫోర్కు లొంగుతాయి. తొక్కేవాడి బరువునూ బలాన్నీ బట్టి గొట్టాల లావు, గోడ ఎంచుకోగలగడమే ఫ్రేము కట్టించుకోవడంలోని అసలు లాభం. అది రెండు లోహాలతోనూ దక్కుతుంది.

మిగిలిన తేడాలు గట్టివే. చెమట, వాన, సముద్రపు ఉప్పుగాలి టైటానియాన్ని ఏమీ చెయ్యవు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో తొక్కే సైకిలుకు అది చిన్న సుగుణం కాదు. మామూలు మిశ్రమ ఉక్కు ఫ్రేముకైతే రంగు లేచిన చోట తుడుపు, గొట్టాల లోపల నూనె పూత తప్పవు. టైటానియం ధర తరచు రెట్టింపు దాకా ఉంటుంది. ఫోర్కు విషయంలో ఉక్కుదే పైచేయి: సన్నగా, బలంగా, ఫ్రేముకు జతగా అదే పనివాడు కడతాడు. టైటానియంతో తగినంత బిగువున్న ఫోర్కు చెయ్యడం కష్టం కాబట్టి ఆ ఫ్రేములకు ఎక్కువగా కార్బన్ ఫోర్కే జతపడుతుంది. మరమ్మతులోనూ అంతే. ఉక్కు ఫ్రేములో సొట్టపడిన గొట్టాన్ని పనివాడు వేడిచేసి ఊడదీసి కొత్తది అతకగలడు. పక్కకు వంగిన వెనక కడ్డీలను చల్లగానే సరిచెయ్యవచ్చు. టైటానియం వంచితే తిరిగి వెనక్కే లేస్తుంది. దాని పగులు అతకాలంటే లోపలా బయటా ఆర్గాన్ పారించగల దుకాణం కావాలి. అలాంటివి ప్రతి దేశంలోనూ కొన్నే. దూరదేశాల యాత్రకు సైకిలు కట్టించుకునేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా ఉక్కు వైపే మొగ్గడానికి, ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో వానల్లో తొక్కేవాళ్ళు ఖర్చు భరించి టైటానియం అడగడానికి కారణాలివే.